అమ్మ ఆరేళ్ళు మింగిన పంపు

సంక్రాంతికి ఊరికి పోయినాం. మాది కందుకూరు పక్కన పల్లె, 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ప్రకాశంలోంచి తీసి నెల్లూరులో కలిపారు గానీ మా నాయన మాత్రం ఎవరన్నా అడిగితే ఒంగోలు జిల్లా అనే చెప్పేవాడు. భోగి రోజు తెల్లారుజామున నాలుగింటికే వీధిలో మంటేశారు. తాటాకులు, చీకిపోయిన చాపలు, విరిగిన మంచం కోళ్ళు, వీటికి తోడు ఎవడో బుద్ధిలేనోడు స్కూటర్ టైరు కూడా పడేశాడు, ఇక నల్లటి పొగ వీధంతా. అమ్మ మా పిల్లోడి చేత పిడకల దండ వేయిద్దామని పోయి రెండంటే రెండు నిమిషాలు నిలబడింది. పగలంతా బానే ఉంది, అరిసెలు కూడా వత్తింది.

రాత్రి రెండింటికి నాకు మెలకువొచ్చింది. గదిలో ఏదో పిల్లి కూస్తా ఉంది అనుకున్నా. లైటేసి చూస్తే అమ్మ మంచం అంచున కూర్చొని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ముందుకి వంగి ఉంది, ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింద గుంట లోపలికి పోతా ఉంది, భుజాలు పైకి లేస్తా ఉన్నాయి. "మే... పం..." అని ఆగిపోయింది. పంపు అనే రెండక్షరాల మాట కూడా పూర్తిగా బయటికి రాలా.

పంపంటే ఆయాసానికి నోటితో పీల్చుకునే ఇన్హేలర్, నీలం పంపు, ఆస్తాలిన్. తలగడ కిందే ఉంటది ఎప్పుడూ. ఇచ్చాం, కొట్టుకుంది, మళ్ళీ కొట్టుకుంది, ఏం లాభం లేదు. పక్కింటోళ్ళ బొలెరోలో వేసుకొని కందుకూరు పోయినాం. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 87. మాస్కు పెట్టి గ్యాస్ పట్టారు (నెబులైజర్ని మావైపు గ్యాస్ పట్టడం అంటాం), సూది వేశారు, తెల్లారేసరికి 95కి వచ్చింది, మనిషి మాట్లాడింది. మాట్లాడిన మొదటి మాట, "పొంగలి బియ్యం కడిగారా లేదా".

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు చీటీ రాస్తా, "కంట్రోలర్ ఏం వాడుతున్నారు?" అని అడిగాడు. నేను, మా ఆయన మొహాలు చూసుకున్నాం. మాకు తెలిసిన కంట్రోలరు ఫ్యానుదే. ఆ పిల్లోడు ఇంకేం అనకుండా "నెల్లూరులో ఊపిరితిత్తుల డాక్టర్‌కి చూపించండమ్మా, ఈసారి ఆలస్యం చేయొద్దు" అన్నాడు.

నేను డాక్టర్ని కాదు, నెల్లూరులో రొయ్యల మేత షాపులో లెక్కలు రాసుకునే మనిషిని. కాబట్టి ఇది చదివి మందులు మార్చుకోబాకండి. కానీ ఆరేళ్ళు మేం చేసిన తప్పు మా బంధువుల్లో ఇంకో నాలుగిళ్ళలో జరుగుతా ఉండటం చూశా, అందుకే రాస్తున్నా.

అమ్మ కథ ముందు చెప్పాలి. పద్దెనిమిదేళ్ళు పొగాకు గ్రేడింగ్‌కి పోయింది. మావైపు తెలిసినోళ్ళకి తెలుసు, కందుకూరు, కొండపి, టంగుటూరు అంతా వర్జీనియా పొగాకే, పచ్చాకు కర్రలకి కట్టి, ఆకు కాల్చే గదైన బ్యారన్‌లో ఎక్కించి కట్టెలు మండించి కాలుస్తారు, వారం రోజుల్లో ఆకు పసుపు రంగుకి తిరుగుతుంది. ఆ ఎండాకుని రంగును బట్టి, మచ్చను బట్టి ఏరి వేరు చేసేది ఆడోళ్ళే. మూసిన గోడౌన్‌లో వందమంది కూర్చొని ఆకు దులుపుతా ఉంటే గాల్లో ఎర్రగా దుమ్ము ఆడతా ఉంటది, చిన్నప్పుడు నేను అన్నం క్యారేజీ ఇచ్చేదానికి పోతే తలుపు దగ్గరే తుమ్ములు. ముక్కుకి పాత తువ్వాలు ముక్క కట్టుకునేది అమ్మ, సాయంత్రం విప్పితే ముక్కు దగ్గర గోధుమరంగు మచ్చ. కంపెనీ వాళ్ళు మాస్కులు ఇచ్చింది లేదు, అడిగింది లేదు. దీనికి ముందు ఇంకో ఇరవై ఏళ్ళు పొయ్యి ముందు. 1999లో దీపం పథకం వచ్చినాక మాకూ గ్యాస్ పొయ్యి వచ్చింది గానీ అది చుట్టాలకి కాఫీ పెట్టేదానికే, బండ అయిపోతే మళ్ళీ డబ్బులు పెట్టాలి కదా, అన్నం కూర మాత్రం కంపకట్టెల మీదే.

దగ్గు, చలికాలం ఆయాసం, తెల్లారుజామున ఎగశ్వాస ఇవన్నీ మాకు ఇంట్లో మనిషి లాగా అలవాటైపోయాయి. నెమ్ము చేసిందంటే ఊళ్ళో ఆర్ఎంపీ వచ్చి డెరిఫిల్లిన్, డెకడ్రాన్ కలిపి ఒక సూది వేసేవాడు, అరగంటలో మనిషి లేచి కసువు ఊడ్చేది. దేవుడి చేయి అనేవాళ్ళు ఆయన్ని. చలికాలమైతే పదిహేను రోజులకొక సూది. ఒకేడు మృగశిర కార్తెకి హైదరాబాద్ పోయి చేప మందు మింగొచ్చింది, ఆ ఏడు కూడా డిసెంబర్ వచ్చేసరికి షరా మామూలే. బారాషహీద్ దర్గా రొట్టెల పండక్కి పోయి చెరువులో దిగి ఆరోగ్యం రొట్టె పట్టుకుంది. దాన్ని నేనేం అనను, ఆ రోజు అమ్మ మొహంలో సంతోషం చూశా.

మెడికల్ షాపు వాడు ఆరేళ్ళ కింద నీలం పంపు ఇచ్చాడు. అదే ఆధారం. నెలకొకటి.

నెల్లూరులో డాక్టర్లంతా ఉండేది పొగతోటలో. ఊపిరితిత్తుల జబ్బుకి పొగతోటకి పోవడం ఏందో, ఆ పేరు చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తది. డాక్టరమ్మది కొండపి వైపు ఊరంట, అమ్మ మాట వినగానే కనిపెట్టేసింది, "ఆకు పనికి పోయేవాళ్ళామ్మా" అని అడిగింది. అమ్మకి సగం జబ్బు అక్కడే తగ్గింది.

ముందు స్పైరోమెట్రీ చేశారు. ముక్కుకి క్లిప్పు పెట్టి గొట్టంలోకి ఊదాలి, ఆ టెక్నీషియన్ పిల్ల "ఊదమ్మా ఊదమ్మా ఊదు ఊదు ఊదు ఇంకా ఇంకా" అని కబడ్డీ కూతలాగా అరుస్తా ఉంటే అమ్మకి నవ్వొచ్చి రెండుసార్లు చెడగొట్టింది. మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వస్తదో చూస్తారు, దాన్నే ఎఫ్ఈవీ1 అంటారు. అమ్మకి 1.10 లీటర్లు. తర్వాత మందు పీల్పించి పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ ఊదించారు, 1.42. మందుకి ముందు దానికన్నా 12 శాతం, 200 మిల్లీలీటర్లు రెండూ దాటి పెరిగితే గొట్టాలు తెరుచుకుంటున్నట్టు లెక్క, అది ఆస్తమా వైపు చూపిస్తది. ఎంత మందు పీల్చినా పెద్దగా తెరుచుకోకుండా మూసుకునే ఉంటే సీఓపీడీ (గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయే జబ్బు) వైపు చూపిస్తది, అది ఎక్కువగా బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవాళ్ళకి వస్తది, మావైపు ఆడోళ్ళకి ఏ చుట్టా ముట్టకపోయినా పొయ్యి పొగతోనే వస్తది. అమ్మకి ఎక్కువ పాళ్ళు ఆస్తమా, పొయ్యి పొగ వాటా కూడా కొంత ఉంది అన్నారు.

"గొట్టాలకి మసి పట్టిందా అమ్మా, బ్యారన్‌లో పట్టినట్టు?" అని అమ్మ అడిగింది. బ్యారన్‌లో వేడి పోయే రేకు గొట్టాలుంటాయి, సీజన్ అయిపోయినాక వాటిని విప్పి దులిపితే బస్తాడు మసి వస్తది, అది దృష్టిలో పెట్టుకొని అడిగింది. డాక్టరమ్మ నాకు బాగా గుర్తుండిపోయేట్టు చెప్పింది: "మసైతే దులిపేద్దుం కదమ్మా. మీకు గొట్టం గోడే వాచింది. కంట్లో నలక పడితే కన్ను ఎర్రగా వాచి నీళ్ళు కారతాయే, అట్టా మీ ఊపిరి గొట్టాలు లోపల ఎప్పుడూ ఎర్రగా వాచే ఉన్నాయి. ఆయాసం లేని రోజు కూడా."

ఆ ఆఖరి ముక్క నా బుర్రలో గట్టిగా పడింది. ఆయాసం లేని రోజు కూడా.

పుస్తకాల్లో శోథ అని రాస్తారు, మనకి వాపంటే చాలు. ఊపిరి గొట్టం ఇరుకవడానికి మూడు పనులు ఒకేసారి జరుగుతాయంట. గొట్టం చుట్టూ ఉండే సన్నటి కండరాలు బిగుసుకుంటాయి, లోపలి పొర వాస్తది, ఆ వాచిన పొర జిగురు కళ్ళె వదులుతా ఉంటది. ఇరుకు సందులోంచి గాలి పోతా ఉంటే వచ్చే ఈలే పిల్లికూత. వాచిన పొర ఎట్టాంటిదంటే చిన్న దానికే రెచ్చిపోతది, మామూలు మనిషికి తుమ్ముతో పోయే పొగ, దుమ్ము, చల్లగాలి దీనికి తగిలితే గబుక్కున బిగుసుకుంటది. భోగి మంట జబ్బు తేలా, జబ్బు లోపల ఉండనే ఉంది, మంట నిప్పు అంటించింది అంతే. రాత్రిపూట, తెల్లారుజామున ఎక్కువ కావడం కూడా ఆస్తమా గుణమే, మన ఒంట్లో సహజంగా తయారయ్యే, వాపుని అణిచే కార్టిసాల్ అర్ధరాత్రి వేళకి బాగా తగ్గి ఉంటది.

నీలం పంపులో ఉండే సాల్బుటమాల్ ఈ మూడింటిలో ఒక్క కండరం బిగుతునే వదులు చేస్తది. ఐదు నిమిషాల్లో హాయి. నాలుగైదు గంటలకి దాని పని అయిపోతది. వాపుని అది ముట్టుకోను కూడా ముట్టుకోదు. అంటే మేం ఆరేళ్ళు ఇల్లు కాలుతుంటే పొగని విసనకర్రతో విసిరాం. ప్రపంచంలో ఆస్తమాకి సలహాలు రాసే గినా అనే సంస్థ ఉంది, వాళ్ళు 2019లో ఉత్త నీలం పంపు ఒక్కటే పెట్టి పెద్దోళ్ళకి వైద్యం చేయొద్దని గట్టిగా మార్చేశారు. ఏడాదిలో మూడు నీలం పంపులు వాడినా అటాక్ వచ్చే ప్రమాదం పెరుగుతదంట, పన్నెండు, ఆపైన వాడితే ప్రాణం పోయే ప్రమాదం కూడా ఎక్కువంట. నెలకొకటి అని అమ్మ గొప్పగా చెప్పింది డాక్టరమ్మతో, ఆమె పెన్ను కింద పెట్టేసింది.

ఇప్పుడు అసలు సీను. "పంపు ఎట్టా కొట్టుకుంటారో ఒకసారి చూపించండమ్మా" అంది. అమ్మ బొడ్లోంచి పంపు తీసింది, ఊపలా, నోరు బాగా తెరిచింది, నాలిక మీద టక్ టక్ అని రెండు కొట్టింది, నోరు మూసింది, గుటక వేసింది. గుటక! "చేదుగా ఉంటదమ్మా, మింగినాక రెండు గుక్కలు నీళ్ళు తాగుతా" అని వివరణ కూడా ఇచ్చింది. నేను పక్కనే కూర్చొని చూస్తా ఉన్నా, ఆరేళ్ళు ఒకే ఇంట్లో పండగలకీ పబ్బాలకీ తిరిగిన దాన్ని, ఒక్కసారి కూడా ఎట్టా పీలుస్తుందో చూడలేదు. మందు సగానికి సగం పైగా నాలిక మీదా, కడుపులోకీ పోయింది. మెడికల్ షాపులో చూపించలా, మేం అడగలా.

సరైన పద్ధతి ఆమె చేయి పట్టుకొని నేర్పించింది. మూత తీసి బాగా ఊపాలి. ఊపిరి పూర్తిగా బయటికి వదిలేయాలి, పంపులోకి కాదు, పక్కకి. పెదాలు చుట్టూ బిగించి మెల్లగా లోపలికి పీల్చడం మొదలుపెట్టి అప్పుడు నొక్కాలి, పీలుస్తానే ఉండాలి, పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. రెండోది కొట్టేముందు అర నిమిషం ఆగాలి. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరని వాళ్ళకి స్పేసర్ ఇస్తారు, ప్లాస్టిక్ బుడ్డి లాంటిది, పంపు దానికి తగిలించి నొక్కితే మందు బుడ్డిలో నిలబడతది, మనం తీరిగ్గా పీల్చుకోవచ్చు. ముసలోళ్ళకీ పిల్లలకీ ఇది లేకుండా పంపు ఇవ్వడం దండగ అని నా అభిప్రాయం. అమ్మ దానికి బుడ్డి అనే పేరు పెట్టేసింది.

ఇక రెండో పంపు, ఆ కుర్ర డాక్టరు అడిగిన కంట్రోలర్ ఇదే. బుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసి ఉండేది. మొదటిది స్టెరాయిడ్, వాపుకి, రెండోది బిగుతుకి. పొద్దున, రాత్రి, ఆయాసం ఉన్నా లేకపోయినా, రోజూ. ఫార్మొటెరాల్ చాలా తొందరగా పనిచేస్తది కాబట్టి ఆయాసం వచ్చినప్పుడు కూడా ఇదే ఇంకోసారి పీల్చమని, రోజుకి ఇన్నిటికి మించకూడదని లెక్క రాసిచ్చింది. అన్ని పంపులూ ఇట్టా వాడకూడదు, సాల్మెటెరాల్ ఉండేవి మెల్లగా పనిచేస్తాయి, వాటిని అవసరానికి కొట్టుకోకూడదు, పైన పేరు చదువుకోండి.

"స్టెరాయిడ్" అనే మాట బయటికి రాగానే మా నాయన లేచి నిలబడ్డాడు. "స్టెరాయిడ్ వద్దమ్మా, ఒళ్ళు గుల్లయిపోద్ది, అలవాటైపోతే ఇక జీవితాంతం వదలదు." డాక్టరమ్మ నవ్వి, "ఆరేళ్ళ నుంచి పదిహేను రోజులకొకసారి వేయించుకున్న సూదిలో ఏముందనుకున్నారు నాయనా?" అంది. డెకడ్రానంటే డెక్సామెథాసోన్, అచ్చం స్టెరాయిడే, అదీ ఒళ్ళంతా తిరిగేది. అమ్మకి మూడేళ్ళ కింద షుగర్ వచ్చింది, మొహం గుండ్రంగా ఉబ్బింది, "ఒళ్ళు చేసింది, కూతురు బాగా చూసుకుంటుంది" అనేవాళ్ళు ఊళ్ళో. ఆ సూదులే మొత్తం కారణమని ఎవరూ చెప్పలేరు గానీ ఆజ్యం పోసినాయి మాత్రం నిజం.

ఆమె లెక్క ఒకటి చెప్పింది, మేత బస్తాల లెక్కలు రాసేదాన్ని కాబట్టి నాకు బాగా ఎక్కింది. సాల్బుటమాల్ బిళ్ళ 4 మిల్లీగ్రాములు, అంటే 4000 మైక్రోగ్రాములు. అదే మందు పంపులో ఒక నొక్కుకి 100 మైక్రోగ్రాములు. బిళ్ళలో నలభయ్యో వంతు. ఎందుకంటే పంపు మందు నేరుగా వాచిన చోటికే పోతది, బిళ్ళ కడుపులో కరిగి రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగి చేతులు వణికించి గుండె దడ పుట్టించి చివరికి ఊపిరితిత్తులకి చేరతది. పీల్చే స్టెరాయిడ్ కూడా ఇంతే, మైక్రోగ్రాముల్లో ఉంటది. బిళ్ళ స్ట్రాంగా పంపు స్ట్రాంగా అని అడిగితే మన జనం అందరూ పంపే స్ట్రాంగ్, అది ఆఖరి మందు అంటారు. తిరగేసి పట్టుకున్నాం మొత్తం. స్టెరాయిడ్ పంపుతో బాధ లేదని కాదు, పీల్చినాక నోరు పుక్కిలించి ఉమ్మేయకపోతే నోట్లో తెల్లగా పూత పూస్తది, గొంతు బొంగురుపోతది. అందుకే పళ్ళు తోముకునే ముందు పంపు అని అమ్మకి నియమం పెట్టాం, గుర్తు పెట్టుకోవడం కూడా తేలిక.

ఇంటికొచ్చి ఈ పంపు పుట్టుపూర్వోత్తరాలు చదివా. 1955లో అమెరికాలో రైకర్ అనే మందుల కంపెనీ పెద్ద జార్జ్ మైసన్‌కి ఆస్తమా ఉన్న పదమూడేళ్ళ కూతురు ఉండేది, చేత్తో పిసికే గాజు నెబులైజర్‌తో విసిగిపోయి "జుట్టుకి కొట్టుకునే స్ప్రే లాగా మందు కూడా డబ్బాలో ఎందుకు పెట్టరు నాన్నా" అని అడిగిందంట. 1956కి పంపు బజారులోకి వచ్చేసింది. సాల్బుటమాల్ 1969లో వచ్చింది. వాపు తగ్గించే స్టెరాయిడ్ పంపు మాత్రం 1972లో వచ్చింది. మా ఊరి దాకా ఆ 1972 రావడానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది.

ఇంట్లో పద్ధతులు మార్చడం ఇంకో తతంగం. నెల్లూరు దోమల సంగతి నేను చెప్పక్కర్లేదు, అమ్మ మా దగ్గరకొచ్చి ఉన్నప్పుడల్లా మంచం కింద దోమల చుట్ట వెలిగించుకునేది, తలుపులేసి. రాత్రంతా ఆ పొగే పీలుస్తా, దగ్గుతా, "నెల్లూరు నీళ్ళు నాకు పడవు" అనేది. చుట్ట తీసేసి దోమతెర కట్టాం. శుక్రవారం సాంబ్రాణి మానమంటే మాత్రం ససేమిరా అంది, చివరికి నేను వెలిగిస్తా నువ్వు వాకిట్లో కూర్చో అనే ఒప్పందం కుదిరింది. మా నాయన చుట్ట సంగతి సగమే తేలింది. ఇంట్లో తాగడు, అరుగు మీద తాగతాడు, గాలి ఇటు తిరిగితే అటు పోయి కూర్చుంటాడు. పొగాకు అమ్ముకొని పిల్లల్ని చదివించిన మనిషికి పొగాకు చెడ్డదని నేను లెక్చర్ ఇవ్వలేను, ఇచ్చా, వినలా. అమ్మ గ్రేడింగ్ పని మాత్రం ఆపేసింది, ఆ డబ్బులు పోయినందుకు ఇప్పటికీ బాధే.

ఇంకో రెండు ముక్కలు మర్చిపోయే ముందు. ఆస్పిరిన్, కొన్ని నొప్పి బిళ్ళలు కొంతమంది ఆస్తమా వాళ్ళకి పడవు. బీపీకి, దడకి ఇచ్చే ప్రొప్రనొలాల్ లాంటివి, చివరికి గ్లాకోమాకి కంట్లో వేసే టిమొలాల్ చుక్కలు కూడా గొట్టాల్ని బిగిస్తాయి, కాబట్టి ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ఉబ్బసం ఉందని ముందు చెప్పాలి. అలాగే దగ్గిన ప్రతివాడికీ ఆస్తమా కాదు. మా పిల్లోడికి జలుబు చేసి దగ్గు మూడు వారాలు లాగింది, కళ్ళె పచ్చగా వస్తుందని నేను యాంటీబయాటిక్ కోసం గొడవ చేశా. అది మామూలు బ్రాంకైటిస్, ఎక్కువగా వైరస్ వల్లే, గొట్టాల వాపు తీరేదాకా రెండు మూడు వారాలు దగ్గు ఉంటది, పచ్చ కళ్ళె అంటే బాక్టీరియా అని రూలేం లేదు అని పిల్లల డాక్టరు తిప్పి పంపించాడు. వాడంతట వాడే తగ్గాడు. చీమకుర్తిలో గ్రానైట్ కోసే మా బాబాయి కొడుకుది మళ్ళీ వేరే, అది రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్, పంపుతో వెనక్కి వచ్చేది కాదు. దాని గురించి రాయాలంటే ఇంకో రోజు, ఇప్పుడు మనసొప్పదు.

రెండో పంపు మొదలుపెట్టిన మొదటి వారం అమ్మ పెదవి విరిచింది. "నీలందానిలాగా వెంటనే హాయి లేదు మే, ఇది ఉత్త గాలి." వాపు తగ్గడానికి రోజులు పడతది, వారాలు పడతది. మూడో వారానికి రాత్రి లేవడం తగ్గింది. రెండో నెలకి నీలం పంపు ఎక్కడ పెట్టిందో వెతుక్కునే పరిస్థితి వచ్చింది. ఎండాకాలం అంతా బ్రహ్మాండం, మేడ మీద వడియాలు పెట్టింది.

అప్పుడు చేసింది అసలు పని. తగ్గిపోయింది కదా అని ఎవరికీ చెప్పకుండా పంపు ఆపేసింది. "బాగున్న మనిషికి మందెందుకు, పంపు మిగిలితే చలికాలానికి పనికొస్తది" అని దాచిపెట్టింది, పచ్చడి జాడీ పక్కన. ఆగస్టు, సెప్టెంబర్ ఏం కాలా. అక్టోబర్ ఆఖర్లో వాయుగుండం ముసురు పట్టింది, నాలుగు రోజులు సూర్యుడు లేడు, గోడలన్నీ చెమ్మ. మళ్ళీ పిల్లికూతలు. ఈసారి నాకు తెలుసు కాబట్టి డాక్టరమ్మ రాసిస్తే ఫ్రిజ్ మీద అంటించిన కాగితం చూసి అందులో రాసినట్టు బుడ్డితో పంపు ఇచ్చాం, ఐదు రోజుల బిళ్ళల కోర్సు డాక్టరమ్మని ఫోన్లో అడిగి మొదలుపెట్టాం, ఆసుపత్రిలో పడుకోవాల్సిన అవసరం రాలా. ఆ కాగితంలో ఎర్ర ఇంకుతో రాసినవి మూడే: మాట పూర్తిగా రాకపోతే, పెదాలు నీలంగా మారితే, పంపు కొట్టినా కాసేపట్లో తేరుకోకపోతే, ఇక ఇంట్లో ఆగకుండా 108కి ఫోన్. భోగి రోజు "పం" దగ్గర ఆగిపోయిన మాట నాకు అది చదివినప్పుడల్లా వినపడతది.

తర్వాత చెకప్‌లో డాక్టరమ్మ అరవలా. "షుగర్ బిళ్ళ తగ్గిందని ఆపేస్తారా అమ్మా? బిళ్ళ వేసుకుంటున్నారు కాబట్టే తగ్గింది. ఇదీ అంతే. తగ్గించాల్సి వస్తే నేను తగ్గిస్తా, మెల్లగా, ఊదించి చూసి" అంది. అమ్మ తలూపింది. బయటికొచ్చినాక నాతో, "ఆ పిల్ల మంచిది, మన కొండపి పిల్ల కదా" అంది. మందు మాట కన్నా ఊరి మాట బాగా ఎక్కిందని నా అనుమానం. సరే ఏదో ఒకటి, ఎక్కింది. మళ్ళీ చెప్పకుండా ఆపేస్తదేమో అని, ఎన్ని నొక్కులు మిగిలాయో చూపించే పంపు వెనకాల అంకెలు నేను ఫోన్లో చూపించమని అడుగుతా అప్పుడప్పుడు, తిట్టుకుంటా చూపిస్తది.

పోయిన నెల ఊరికి పోయినప్పుడు పక్కింటి పెద్దమ్మ కూర్చొనుంది మా అరుగు మీద. ఆమెకీ ఆయాసమే, ఆమెకి ఎవరో పొడి మందు ఇచ్చారు, చిన్న డబ్బాలో క్యాప్సూల్ పెట్టి తిప్పి పీల్చేది. "ఈ గొట్టం బిళ్ళలు రోజూ రెండు వేసుకుంటున్నా, ఏం గుణం లేదు" అని పెద్దమ్మ బాధపడతా ఉంటే అమ్మ అనుమానంగా, "ఏదీ, ఎట్టా వేసుకుంటన్నావో చూపించు" అంది. పెద్దమ్మ కొంగు ముడి విప్పి క్యాప్సూల్ ఒకటి తీసి నోట్లో వేసుకొని చెంబు ఎత్తింది. ఆ పీల్చే డబ్బా ఏమైందంటే మనవడు బొమ్మ అనుకొని ఆడుకుంటున్నాడంట.

మా అమ్మ చెంబు లాక్కుంది. "ఉమ్మెయ్! ఉమ్మెయ్ ముందు! మింగే బిళ్ళైతే దానికి డబ్బా ఎందుకిచ్చారే, ఆ మాత్రం బుద్ధుండబళ్ళా మనిషికి?" అని వీధి చివరిదాకా వినపడేట్టు అరుస్తా ఉంది. నేను ఏం మాట్లాడకుండా గమ్మున కాఫీ తాగుతా కూర్చున్నా. అమ్మ ఒక్కసారి నావైపు చూసి, "నువ్వు నవ్వబాక" అంది.